శివారు రైలును దేంతో పోల్చాలి: డబ్బు, ట్రిప్పులు, ప్రయాణికుల లెక్క

మీ ప్రశ్న సారాంశం ఇది. హైదరాబాద్ శివారులో మేడ్చల్ వైపు ఇల్లు కొన్నారు. నగరపు లోకల్ రైలు ఎంఎంటీఎస్ లైను పడింది, స్టేషను నడిచి వెళ్లేంత దగ్గరే. కానీ రైళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంకొన్ని వేయమని అడిగితే ‘ఎక్కేవాళ్లు లేరు’ అని జవాబు. అదే నగరంలో మెట్రోలో నిలబడే చోటుండదు, ముంబైలో లోకల్ వెనక లోకల్ వస్తూనే ఉంటుంది. తేడా డబ్బులో ఉందా, నడిపే తీరులో ఉందా, మన జనంలోనే ఉందా అని అడిగారు.

నేను ముప్ఫై ఏళ్లకు దగ్గరగా సిటీ బస్సుల ట్రాఫిక్ పని చేసి రిటైరయ్యాను. ట్రిప్పులు వేయడం, తీసేయడం, ఎందుకు తీసేశామో కాగితం మీద రాయడం నా ఉద్యోగం. ఆ అనుభవంతో చెబుతున్నాను: జనంలో తేడా లేదు.

ముందు లెక్క చూద్దాం. కోవిడ్‌కు ముందు ఎంఎంటీఎస్ రోజుకు 121 సర్వీసులు నడిచేది, లక్షన్నర పైచిలుకు మంది ఎక్కేవాళ్లు. అంటే ట్రిప్పుకు సుమారు 1,240 మంది. ముంబైలో వెస్ట్రన్, సెంట్రల్ రైల్వేలు కలిపి రోజుకు 3,000 పైచిలుకు సర్వీసులు, 70 లక్షలకు పైగా ప్రయాణికులు. ట్రిప్పుకు 2,300 దగ్గర తేలుతుంది. అక్కడివి పన్నెండు, పదిహేను పెట్టెల రైళ్లు. మనకు చాలాకాలం ఆరు, తొమ్మిది పెట్టెలవే నడిచాయి. పెట్టెకు ఎంతమంది అని చూస్తే మన రైలు ముంబై లోకల్‌కు మరీ దూరంలో ఏమీ లేదు. ఇక హైదరాబాద్ మెట్రో: 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు, రోజుకు వెయ్యికి పైగా ట్రిప్పులు, నాలుగున్నర లక్షల చిల్లర ప్రయాణికులు. ట్రిప్పుకు నాలుగు వందల పైన. మూడు పెట్టెల రైలే కాబట్టి అది తక్కువేమీ కాదు. కానీ మెట్రోలో జనం ఉన్నారు, ఎంఎంటీఎస్‌లో లేరు అనే మాట ట్రిప్పుల వారీగా చూస్తే నిలబడదు. మెట్రో వెయ్యిసార్లు వస్తుంది, ఎంఎంటీఎస్ బాగా నడిచిన రోజుల్లో కూడా నగరం మొత్తానికి 121 సార్లే వచ్చింది. తేడా అక్కడ ఉంది.

కాబట్టి రోజు మొత్తానికి ఎంతమంది ఎక్కారన్న ఒక్క అంకె పట్టుకుని రెండు వ్యవస్థలను పోల్చేవాళ్ల మాట వినకండి. రోజుకు ఎన్ని ట్రిప్పులు, ట్రిప్పుకు, ట్రిప్పుకు మధ్య ఎంత ఎడం, ఆఖరి బండి ఎన్నింటికి, ఇవి తెలిశాకే ఎంతమంది ఎక్కారని అడగాలి. ఈ వరసను తిరగేసి చెప్పడం వల్లే శివార్లకు అన్యాయం జరుగుతోంది.

టైము చూసుకుని వెళ్లాల్సిన బండి వేరు, చూసుకోకుండా వెళ్లగలిగే బండి వేరు. పది నిమిషాలకొకటి వస్తే మనిషి ఇంట్లోంచి బయల్దేరి స్టేషనుకు నడుస్తాడు, అంతే. అరగంట దాటిందంటే ఫోన్ చూడాలి, ఆఫీసులో ఐదు నిమిషాల ముందే లేవాలి, లిఫ్ట్ దగ్గర ఆలస్యమైతే గుండె దడదడలాడాలి. గంటకొకటైతే ఒక్క బండి తప్పినా సాయంత్రం పోయినట్టే. ఎంఎంటీఎస్ టికెట్ ఐదు రూపాయల నుంచే మొదలవుతుంది. అయినా జనం షేర్ ఆటోకు ఇరవై, ముప్ఫై ఇస్తున్నారంటే వాళ్లు కొనుక్కుంటున్నది ఎదురుచూపు లేకపోవడాన్ని.

పోయిన చలికాలం ఒక సాయంత్రం అల్వాల్ స్టేషనులో కూర్చుని చూశాను. పాత అలవాటు, జేబులో చిన్న నోటుబుక్కు. ప్లాట్‌ఫాం మీద ముప్ఫై మంది దాకా ఉన్నారు. కాలేజీ పిల్లలు నలుగురు బల్ల మీద ఒకళ్ల ఫోన్‌లోకే తలలు పెట్టి చూస్తున్నారు. ఒకాయన టిఫిన్ బాక్సు సంచి మోకాళ్ల మధ్య పెట్టుకుని పట్టాల మలుపు వైపే చూస్తున్నాడు. రైలు టైము దాటి పది నిమిషాలైంది, పదిహేనైంది. ఎక్స్‌ప్రెస్ ఒకటి ఆగకుండా వెళ్లిపోయింది. దాని వెనకే వస్తుందని ఎవరో అన్నారు. రాలేదు. ముందు టిఫిన్ సంచి ఆయన లేచాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు. రైలొచ్చేసరికి నా నోటుబుక్కులో పది, పన్నెండు మంది గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లిపోయారు. ఆ రోజు రికార్డులో మాత్రం మిగిలినవాళ్లే ఉంటారు, అదీ టికెట్టో పాసో ఉన్నవాళ్లు. వెళ్లిపోయినవాళ్లను ‘డిమాండ్ లేదు’ కిందే లెక్కవేస్తారు.

నేను కూడా ఒకప్పుడు అదే తప్పు చేశాను కాబట్టి ఈ విషయం ఇంత గట్టిగా చెబుతున్నాను. శివారులో ఒక రూట్, ఊరు పేరు వద్దు. రాత్రి ఎనిమిది నలభైకి ఆఖరి ట్రిప్పు. ఓఆర్, అంటే సీట్లలో ఎన్ని నిండాయన్న లెక్క, ఎప్పుడూ ముప్ఫై శాతం దాటేది కాదు. కిలోమీటరుకు వచ్చే రాబడి డీజిల్‌కే సరిపోయేది కాదు. తీసేయమని నేనే రాశాను, తీసేశారు. మూడు నెలలు తిరగకుండా అదే రూట్‌లో పొద్దున ఏడింటి ట్రిప్పు పడిపోయింది. నిండుగా పోయే బండి సగానికి వచ్చింది. కండక్టర్ మీద అనుమానంతో చెకింగ్ పెట్టాం, ఏమీ దొరకలేదు. చివరికి నేనే ఆ బండెక్కాను. నగరంలో బట్టల షాపులో పనిచేసే ఒకావిడ, ఒళ్లో టిఫిన్ క్యారియర్, ముందు సీట్లో కూర్చుని ఉంది. ఇదివరకు మీతోపాటు నలుగురైదుగురు వచ్చేవాళ్లు కదా అని అడిగాను. “రాత్రి బండి బంద్ జేస్తిరి. పొద్దుగాల బండెక్కి పోతే రాత్రికి ఇంటికెట్ల రావాలె సార్? వాళ్లు ఆటో మాట్లాడుకున్నరు, పోను రాను ఒక్కటే ఆటో” అంది. రాత్రి ట్రిప్పులో ఎక్కింది పదిమందే. కానీ పొద్దున బండిలో ఎక్కే ముప్ఫై మందికి అది ధైర్యం. ఏదైనా ఆలస్యమైతే ఆఖరి బండి ఉందన్న ధైర్యం. ఓఆర్ పట్టికలో ఆ కాలమ్ ఉండదు. ఆ రాత్రి ట్రిప్పు మళ్లీ వేయించాను. జనం తిరిగి రావడానికి ఏడాది పైనే పట్టింది, కొందరు అసలు రాలేదు. అప్పటికే బండ్లు కొనుక్కున్నారు.

ఎంఎంటీఎస్‌కు కోవిడ్‌లో జరిగింది ఇదే, ఇంకా పెద్ద ఎత్తున. 2020 మార్చిలో ఆగి, 2021 జూన్‌లో కొద్ది సర్వీసులతో మళ్లీ మొదలైంది. పదిహేను నెలల్లో జనం వేరే దారి చూసుకున్నారు. మళ్లీ నడిపేటప్పుడు పాత సంఖ్యకు తేకుండా, ఎక్కేవాళ్లు తగ్గారు కాబట్టి ఇవి చాలన్నారు.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ ప్రశ్నలో అసలు ముడి ఇక్కడుంది, కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

ప్రజా రవాణాలో డబ్బు రెండు రకాలు. కట్టే డబ్బు, నడిపే డబ్బు. కట్టే డబ్బుకు శంకుస్థాపనలు ఉంటాయి, శిలాఫలకం ఉంటుంది, కేంద్ర, రాష్ట్రాల వాటాల మీద పేపర్లలో వార్తలుంటాయి. నడిపే డబ్బు ప్రతి ఉదయం కావాలి, దానికి రిబ్బన్ కట్ చేసేవాళ్లు ఉండరు. ఎంఎంటీఎస్ మొదటి దశ 2003 ఆగస్టులో మొదలైంది. రైల్వే సగం, రాష్ట్రం సగం పెట్టుకున్నాయి, మొత్తం 178 కోట్లు. ఉన్న పట్టాల మీదే నడిచింది కాబట్టి అంత చవకలో అయింది. రెండో దశ 2012-13లో మంజూరైంది. అంచనా 816 కోట్లు, అందులో మూడింట రెండు వంతులు రాష్ట్రానివి, ఒక వంతు రైల్వేది. రాష్ట్రం వాటా ఇవ్వలేదని రైల్వే, పనులు సాగడం లేదని రాష్ట్రం ఏళ్ల తరబడి అనుకున్నాక, 2023 ఏప్రిల్ 8న మేడ్చల్ వైపు, ఉందానగర్ వైపు ప్రారంభమైంది. ఆ రోజు జెండా ఊపింది 13 కొత్త సర్వీసులకు. సనత్‌నగర్–మౌలాలి మీదుగా ఘట్‌కేసర్–లింగంపల్లి రైలు 2024 మార్చిలో వచ్చింది. దశాబ్దం పట్టింది, వందల కోట్లు అయ్యాయి, రెండు దిక్కుల శివార్లకూ కలిపి పదమూడు సర్వీసులు. కట్టే డబ్బు దొరికినా నడిపే డబ్బు గురించి ఎవరూ గట్టిగా అడగకపోతే ఇలాగే ఉంటుంది.

టైంటేబుల్, రోజువారీ నడక దక్షిణ మధ్య రైల్వే చేతిలో ఉన్నాయి. రైల్వే డివిజన్ అధికారిగా మిమ్మల్ని మీరు ఊహించుకోండి. ఐదు, పది రూపాయల టికెట్‌తో నడిచే ప్రతి అదనపు లోకల్ మీ పుస్తకంలో నష్టమే. పైగా అదే పట్టాల మీద ఎక్స్‌ప్రెస్‌లకు, గూడ్సుకు దారివ్వాలి. గూడ్సు మీద వచ్చే డబ్బుతోనే దేశమంతా ప్యాసింజర్ నష్టాలు పూడుస్తున్నారు. అప్పుడు స్టేషను బయటి సిగ్నల్ దగ్గర ఎవరిని ఆపుతారు? లోకల్‌నే. ఆ అధికారి చెడ్డవాడు కానక్కర్లేదు. లోకల్ సరిగా నడిస్తే ఆయనకు ఒక్క రూపాయి మేలు లేని ఏర్పాటు అది.

ముంబైలో ఈ ఏర్పాటు వేరు. 1999లో ముంబై రైల్వే వికాస్ కార్పొరేషన్ పెట్టారు. 51 శాతం రైల్వేది, 49 శాతం మహారాష్ట్రది. లోకల్ టికెట్లోనే ప్రాజెక్టు అప్పు తీర్చడానికి సర్‌ఛార్జి కలిపారు. అన్నిటికంటే ముఖ్యం, చాలాదూరం లోకళ్లకు విడి పట్టాలున్నాయి. ఠాణే–దివా మధ్య ఐదో, ఆరో లైన్లు 2022లో వచ్చాక దూరపు రైళ్లు లోకళ్ల దారి నుంచి తప్పుకున్నాయి. అయినా ముంబైని ఆదర్శంగా చూపించను. అక్కడి రద్దీ మనుషుల ప్రాణాలు తీస్తుంది. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర ఎదురెదురుగా పోతున్న రైళ్ల తలుపుల్లో వేలాడేవాళ్లు ఒరుసుకుని పట్టాల మీద పడ్డారు, కొందరు చనిపోయారు. ట్రిప్పుకు 2,300 అన్న సగటు వెనక ఆ వేలాడే చేతులు కూడా ఉన్నాయి. ఎక్కువ మంది ఎక్కితే మంచి సర్వీసు అనుకోవద్దని అందుకే అంటున్నాను.

మెట్రో ఇంకో పాఠం. కేంద్రం 1,458 కోట్లు గ్యాప్ ఫండింగ్‌గా, అంటే ప్రాజెక్టు గిట్టుబాటు కావడానికి సాయంగా, మంజూరు చేసింది, మిగతా భారం ఎక్కువగా కట్టిన కంపెనీ ఎల్ అండ్ టీ మోసింది. స్టేషన్ల దగ్గర మాల్స్ కట్టి, టికెట్ డబ్బుతో కలిపి అప్పు తీర్చుకోవాలన్నది ఒప్పందం. 2017 నవంబరులో రైలు నడిచింది, జనం ఎక్కారు. అయినా అప్పు తీరలేదు. 2025 మేలో ఛార్జీలు పెంచారు, సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి ఒప్పుకుంది, సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా. రోజుకు నాలుగున్నర లక్షల మంది ఎక్కే రైలే టికెట్ మీద బతకలేదు. మరి మీ మేడ్చల్ రైలును పట్టుకుని ‘నీ ఖర్చు నువ్వే సంపాదించుకో’ అనడం ఏం న్యాయం?

బస్సుల్లో నడిపే డబ్బు ఇచ్చిన సందర్భాలు రెండున్నాయి. 2014-15, 2015-16లో సిటీ బస్సుల నష్టం కింద నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ ఆర్టీసీకి 336 కోట్లు ఇచ్చింది. నగరం రోడ్ల మీద రద్దీ తగ్గించే పనికి నగరమే డబ్బివ్వడం సరైన పద్ధతి. తర్వాత ఆ సొమ్ము ఆగిపోయింది. రెండోది మహాలక్ష్మి, అంటే ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం. 2023 డిసెంబరు 9న మొదలై, 2025 జులైకి 200 కోట్ల జీరో టికెట్లు దాటింది. జనం లేరు అనే వాదనకు ఇంతకంటే జవాబు ఏం కావాలి? ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని లేరు, ఛార్జీ అడ్డంగా ఉంది, తీసేస్తే వచ్చారు. దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఒక్క లోపం చెప్పాలి. ప్రభుత్వం టికెట్ లెక్కన డబ్బు కడుతుంది. కాబట్టి బస్సు ఉన్నచోటికే డబ్బు వెళ్తుంది. బస్సే రాని కాలనీలో జీరో టికెట్ కూడా పుట్టదు. శివారు కాలనీకి కావాల్సింది కిలోమీటర్ లెక్కన ఇచ్చే డబ్బు. ఇన్ని ట్రిప్పులు నడపండి, ఎక్కినా ఎక్కకపోయినా రెండేళ్లు మేం భరిస్తాం అనే మాట. దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, 2025 అక్టోబరులో సిటీ బస్సు ఛార్జీ మొదటి మూడు స్టేజీల వరకు ఐదు, నాలుగో స్టేజీ నుంచి పది రూపాయలు పెంచారు. ఎలక్ట్రిక్ బస్సులకు డబ్బు కావాలన్నారు, నిజమే కావాలి. కానీ నాలుగో స్టేజీ దాటి వెళ్లేది ఎవరు? దూరంగా అద్దె తక్కువున్నచోట ఉండేవాళ్లు.

డబ్బుంటే చాలా అంటే, చాలదు. అందుకు అమెరికాలో డాలస్ చూడాలి. మనవాళ్లు అక్కడ వేలల్లో ఉన్నారు, మా అబ్బాయి ప్లేనోలో ఉంటాడు, నేను రెండుసార్లు వెళ్లాను. అక్కడ బస్సులు, రైళ్లు నడిపే డార్ట్ సంస్థకు నడిపే డబ్బు చట్టంలోనే ఉంది. 2025 నాటికి సభ్య నగరాలు పదమూడు, ఆ నగరాల్లో అమ్మకాల మీద ఒక శాతం పన్ను నేరుగా డార్ట్‌కు వెళ్తుంది. పక్కనున్న ఫ్రిస్కో, ఆలెన్, మెకిన్నీ సభ్యులు కావు. టెక్సస్‌లో స్థానిక అమ్మకపు పన్ను రెండు శాతం దాటకూడదు కాబట్టి, ఆ వాటాను అవి ఆర్థికాభివృద్ధి పనులకు వాడుకున్నాయి. అందుకే ఫ్రిస్కోలో ఉండే మన పిల్లలకు కారు లేకపోతే కాలు కదలదు.

ప్లేనోలో పార్కర్ రోడ్ స్టేషను నుంచి రైలెక్కి డౌన్‌టౌన్‌కు వెళ్లాను. శుభ్రమైన రైలు, టైముకు వచ్చింది. నాతోపాటు ఆ పెట్టెలో ఏడుగురు. స్టేషను చుట్టూ కనుచూపు మేర కార్ల పార్కింగ్. దిగినవాళ్లు నడిచి వెళ్లడానికి అక్కడ ఏమీ లేదు. మేడ్చల్ దగ్గర మీ స్టేషనుకు నడకదూరంలో ఎన్ని వందల ఇళ్లున్నాయో చూడండి. ఆ జనసాంద్రత కోసం అమెరికా నగరాలు తపస్సు చేస్తున్నాయి. మనకది ఉచితంగా ఉంది, రైలు లేదు. వాళ్లకు పన్ను ఉంది, పట్టాలున్నాయి, చుట్టూ ఇళ్లు లేవు. 2025 అక్టోబరులో ప్లేనో నుంచి ఎయిర్‌పోర్టుకు 26 మైళ్ల సిల్వర్ లైన్ తెరిచారు. రద్దీ వేళ అరగంటకొకటి, మిగతా వేళ గంటకొకటి. ఎంత డబ్బు పోసినా గంటకొకటి నడిచే రైలును జనం నమ్ముకోవడం కష్టం.

డాలస్‌లో లేచిన గొడవ మీరు తెలుసుకోవాలి, రేపు మన దగ్గర కూడా అదే వాదన వస్తుంది. డార్ట్ వేయించిన ఒక లెక్కలో 2023 ఆర్థిక సంవత్సరంలో ప్లేనో దాదాపు 11 కోట్ల డాలర్లు కట్టగా, ప్లేనో పేరున ఖర్చయింది నాలుగున్నర కోట్లు అని తేలింది. దాంతో తప్పుకుంటామన్న వాదన పెరిగింది. 2025 నవంబరులో ప్లేనో, ఇర్వింగ్ లాంటి నగరాల కౌన్సిళ్లు బయటికి రావాలా వద్దా అని ఓటింగ్ పెట్టాలని తీర్మానించాయి. మేం కట్టింది మాకే ఖర్చు పెట్టాలి అనే మాట వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ ప్లేనోలో ఎక్కినవాడు డాలస్‌లో దిగుతాడు. రైలు ఖర్చు ఏ ఊరి ఖాతాలో వేస్తారు? మేడ్చల్ రైలు మేడ్చల్ వాళ్లకేనా? వాళ్లు రోడ్డెక్కకపోతే దారిలో సుచిత్ర చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో మిగతావాళ్లకు మిగిలే అరగంట ఎవరి ఖాతా? ఊరూరా వాటాలు పోల్చే పట్టిక చూపిస్తే ఈ ప్రశ్న అడగండి.

మనకు ఒక అవకాశం వచ్చింది. 2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పట్టణ సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపారు. నగరపు పన్ను కట్టే కాలనీలు నగరపు బండిని హక్కుగా అడగొచ్చు. ఇంకోవైపు సికింద్రాబాద్‌లోని జేబీఎస్ బస్ స్టేషను నుంచి మేడ్చల్‌కు 24.5 కిలోమీటర్ల మెట్రో ప్రతిపాదన కూడా ఉంది. రావాలనే కోరుకుంటాను. అది వచ్చేదాకా ఉన్న పట్టాల మీద అరగంటకొక రైలు నడపడానికి అయ్యేది దాని ముందు చాలా చిన్న ఖర్చు.

మీరు చేయగలిగింది చెబుతాను. మీ కాలనీ సంఘం తరఫున సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ‘ఎందుకు తక్కువ నడుపుతున్నారు’ అని అడగొద్దు, దానికి ఒక వాక్యం రాసి పంపిస్తారు. నెలవారీగా మీ లైన్లో టైంటేబుల్ ప్రకారం నడవాల్సినవి ఎన్ని, నడిచినవి ఎన్ని, రద్దయినవి ఎన్ని, పదిహేను నిమిషాలకు మించి ఆలస్యమైనవి ఎన్ని అని అడగండి. అంకెలు అడిగితే అంకెలే ఇవ్వాలి. డివిజన్ స్థాయిలో ప్రయాణికుల సలహా సంఘం ఉంటుంది, ఆ అంకెలు అక్కడ సభ్యుల చేతికి అందేలా చూడండి. కోరిక ఒక్కటే పెట్టండి: పొద్దున ఆరున్నర నుంచి పదింటి దాకా, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిదిన్నర దాకా అరగంటకొకటి, ఏడాది పాటు, మధ్యలో ఎక్కేవాళ్ల లెక్క చూపించి తగ్గించకుండా. స్టేషను బయట రైలు టైముకు కలిసే ఒక బస్సు. పదిహేను కోరికల వినతిపత్రం ఇస్తే పద్నాలుగో దాన్ని తీర్చి ఫొటో దిగుతారు.

దానితోపాటు మీ సొంత లెక్క తీయండి. మంగళ, బుధ, గురువారాలు, సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర. సోమవారం, శుక్రవారం వద్దు, ఊళ్లకు పోయేవాళ్లు కలుస్తారు. సికింద్రాబాద్‌లో ఇద్దరు, మీ స్టేషనులో ఇద్దరు. ఎక్కినవాళ్లు, దిగినవాళ్లు ఒక గీతలో రాయండి. ప్లాట్‌ఫాం మీదికి వచ్చి రైలెక్కకుండా బయటికి వెళ్లినవాళ్లను రెండో గీతలో రాయండి, పక్కన టైము వేయండి. రైలు రద్దయిందని తెలిస్తే ఇంటికి వచ్చేయకండి, ఆ సాయంత్రం లెక్క మాత్రం తప్పకుండా తీయండి.